పాత లోగిలి మరమ్మతు

మీలో పలువురు పుట్టి పెరిగినది మండువా లోగిలిలోనే యై యుండును. మా కోనసీమ యూళ్లలో నిప్పుడట్టి యిండ్లు వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే మిగిలినవి. వానిలోను గొన్ని తాళము వేయబడి, చూరు వంగి, గోడలమీద రావిమొక్కలు మొలచి, కూలద్రోయువారి కొఱకు ఎదురు చూచుచున్నట్లుండును. అట్టి యింటి నొకదానిని నేనును నా భార్యయు పదునొకండు సంవత్సరములు మరమ్మతు చేసితిమి. అందు మొదటి మూడేండ్లు మేము చేసినది ఆ యింటికి కీడే. ఆ కీడెట్లు కలిగినదో, దాని నెట్లు సరిదిద్దుకొంటిమో చెప్పుటకే ఈ ప్రసంగము.

1852లో ధవళేశ్వరముకడ గోదావరి ఆనకట్ట పూర్తియై, కాలువల నీరు పొలముల కందిన పిదప ఈ ప్రాంతమున కలిగిన కుటుంబములవారు పెద్ద పెంకుటిండ్లు కట్టుకొనిరి. మా తాతగారి లోగిలియు నట్టిదే. నడుమ మండువా, దాని నాలుగు వైపుల వసారాలు, వాని వెనుక గదులు, తూర్పున వీథియరుగు, పడమట పెరడు. గోడలు అడుగున్నర మందము. బంకమన్నుతో పేర్చిన యిటుక, పైన సున్నపుపూత. టేకు దూలములు, తాటివాసములు, గూనపెంకు.

మండువాను వెలుతురుకొఱకు విడిచిన ఖాళీస్థలముగా మాత్రమే నేను చిన్ననాటినుండి యెంచితిని. దాని పని అంతకంటె పెద్దది. పగలు వేడెక్కిన గాలి తేలికయై మండువా మీదుగా పైకి పోవును. ఆ వెలితిని పూరించుటకు వీథితలుపునుండియు, పెరటితలుపునుండియు క్రొత్తగాలి లోనికి వచ్చును. మందపుగోడ పగటివేడిని తనలో నిలుపుకొని రాత్రి మెల్లగా విడచును. ఆ వేడియు నా మార్గముననే వెడలిపోవును. వానకాలమున లోపలివైపు చూరుల నీరంతయు మండువాలో పడి, తూముగుండ వీథికాలువకు పోవును. ఇల్లు నిలుచుటయు, కూలుటయు ఈ తూముమీద నాధారపడియున్నదని మాకు చాల యాలస్యముగా తెలిసినది.

1996 నవంబరు 6వ తేదీ తుపానులో మా యింటి పెంకులు చాల భాగము లేచిపోయినవి. మా తండ్రిగారు దొరికిన పెంకుతో కప్పించి, కొఱవడినచోట రేకులు వేయించిరి. ఆయనయు, మా తల్లిగారును గతించిన తరువాత ఇల్లు ఎనిమిదేండ్లు తాళములో నుండెను. 2008లో ఉద్యోగవిరమణ చేసి మేము వచ్చి తలుపు తీయునప్పటికి వంటింటిలో పుట్ట లేచియుండెను.

బంధువులందఱును పడగొట్టి డాబా వేయుమనిరి. పాత కలపకొను వర్తకు లిద్దఱు వచ్చి సింహద్వారమునకును, మండువా స్తంభములకును వెలకట్టిరి. నా మనస్సు కొంత యూగినదని ఒప్పుకొనుచున్నాను. నా భార్య యొక్కతెయే, "ఏమండీ, గుండెలవంటి దూలములు నిలిచియుండగా వానిని సగము వెల కమ్మి, ఇనుమును సిమెంటును నిండు వెలకు కొనుట ఏమి లెక్క?" అని యడిగెను. ఆ లెక్కకు నాయొద్ద సమాధానము లేదు. ఇల్లు నిలిచినది.

ఇక నా తప్పు వినుడు. సంక్రాంతికి పిల్లలు వచ్చునప్పటికి ఇల్లు కంటికి బాగుండవలెనని నేను తొందరపడి, గోడలతో పని ప్రారంభించితిని. పొడియై రాలుచున్న పాత సున్నమును గీకించి, పడమటింటికి నిలువెల్లను, తక్కిన గదులకు నడుమెత్తు వఱకును సిమెంటు పూయించి రంగు వేయించితిని. పిల్లలు మెచ్చుకొనిరి. ఒక యేడు నిక్షేపముగ నుండెను. రెండవ వానకాలమున పూతకు పైయంచున తెల్లని యుప్పు పూసెను. మూడవ యేట, 2011 వానలలో, ఒక రాత్రి పడమటింటిలో పెద్ద చప్పుడాయెను. దీపము వేసి చూడగా గోడపూత పలకలు పలకలుగా విడి పడియున్నది. దానితో కొంత యిటుక ముఖము కూడ ఊడివచ్చినది. పైన దూలము గోడలో దిగిన చోట జానెడు క్రిందికి వంగియున్నది. మంచము దానిక్రిందనే యుండెను. ఆ రాత్రి మొదలు కార్తికమువఱకు మేము వసారాలో పరుండితిమి.

దీనికి కారణమును కొంచెము విపులముగ చెప్పవలెను. బంకమన్నుతో కట్టిన యిటుకగోడ దీపపువత్తి నూనెను పీల్చినట్లు నేలనుండి చెమ్మను పైకి పీల్చును. సున్నపుపూతకు కంటికి కనబడని సన్నని రంధ్రములు మెండు. కావున ఆ చెమ్మ అడుగుభాగముననే వెలుపలికి వచ్చి గాలికి ఎండిపోవును. చెమ్మతో వచ్చిన యుప్పులు సున్నమును కొంచెము కొంచెముగ రాల్చును. ఆ రాలుటను మనము జబ్బనుకొందుము. అది గోడకు బదులుగా పూత యరిగిపోవుట. పదేండ్ల కొకసారి పూత మాఱ్చుకొన్న గోడ చెక్కుచెదరదు. సిమెంటుపూత గట్టిది, చెమ్మను సులభముగ విడువదు. వెలుపలికి దారిలేని చెమ్మ ఇంకను పైకెక్కును. ఉప్పు పూత వెనుక గడ్డకట్టి దానిని వెలుపలికి నెట్టును. చెమ్మ తుదకు దూలపు కొనను చేరును. కలపలో నీరు దాని పొడిబరువులో నైదవవంతునకు మించినచో బూజుజాతి పుట్టి దానిని తినును. అంతకు లోబడి యున్నంతకాలము టేకు తరతరములు నిలుచును. నూఱేండ్లు పొడిగానున్న దూలమును నేను మూడేండ్లలో తడిపి చెఱచితిని.

సిమెంటును నిందించుట నా యుద్దేశము కాదు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ అను తాపీపనివాడు 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటునకు హక్కుపత్రము పొందినాడు. అప్పటినుండి వంతెనలకును, డాబాలకును అది చేసిన మేలు ఇంతంత కాదు. దానితో కట్టిన యింటికి అదే తగును, మన్నుగోడకు తగదు. ఇట్టి పొరపాటు మహామహులకును తప్పలేదు. గ్రీసు దేశమున ఏథెన్సు నగరపు గుట్టమీది పురాతన దేవాలయములను ఇరువదవ శతాబ్దారంభమున బాగుచేసినవారు చలువరాళ్లను ఇనుపబద్దలతో బంధించిరి. పూర్వపు శిల్పులు ఇనుమునకు సీసపుపోత పోసియుండిరి. వీరు చాలచోట్ల దానిని మానిరి. ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బి రాళ్లను చీల్చినది. 1975 మొదలు ఆ బద్దలను తీసి, త్రుప్పుపట్టని టైటానియము వేయుచున్నారు. నా పడమటిల్లు దేవాలయము కాదు గాని, తప్పు ఆ జాతిదే.

అప్పుడు మా యూరి వృద్ధ తాపీమేస్త్రిని పిలిపించితిమి. ఆయనకు ఎనుబదేండ్లు దాటినవి, నిచ్చెన యెక్కలేడు. వచ్చి అరుగుమీద కూర్చుండి, గోడవైపు చూడనైన చూడక, "నీరెటు పోవుచున్నది బాబూ?" అని యడిగెను. తూముగుండ వీథిలోనికని చెప్పితిని. కడవెడు నీళ్లు మండువాలో పోయుమనెను. నా భార్య పోసెను. నీరు కదలలేదు.

సంగతి యేమనగా, మా వీథికి మూడు పర్యాయములు సిమెంటు రోడ్డు వేసిరి. ప్రతి పర్యాయమును పాతదానిమీదనే పోసిరి. పూర్వము మా యరుగుకు నాలుగు మెట్లుండెడివి. ఇప్పుడు రెండు కనబడుచున్నవి. వీథి పెరిగినకొలది తూము నోరు పూడి, నాలుగు చూరుల వాననీరును మా పునాదులలోనికే ఇంకుచున్నది. మా యూరనేమి, ప్రతి యూరను పాత యిండ్లు పల్లమై కూలుటకు ఇదియొక ముఖ్యకారణము. దీనిని కనిపెట్టువారు తక్కువ. మీ గ్రామమున రోడ్డు వేయునప్పుడు పాతదానిని త్రవ్వి వేయుడని పట్టుపట్టినచో ఎన్నియో గోడలు దక్కును.

మేస్త్రి చెప్పిన క్రమమిది: మొదట నీరు, పిదప కప్పు, పిదప కలప, పిదప గోడ, అన్నిటికిని కడపట నేల. నేను సరిగా తలక్రిందుగా మొదలుపెట్టితిని. నా భార్యకు వంటిల్లు ముందు కావలెను. ఈ విషయమున మా యిద్దఱికి నెలదినములు మాటలు సరిగా లేవు. తుదకు 2012 వేసవి యంతయు తూముపనికే పోయినది. పది యడుగులకు అంగుళము వాలుగా క్రొత్త తూము త్రవ్వించి, పెరటివైపు కొబ్బరిచెట్ల మొదటిలోని గుంటకు మళ్లించితిమి. ఆ యేటి వానలు వెలిసిన నెలకే గోడలలోని చెమ్మగీటు మూరెడు దిగెను.

కప్పు నాలుగేండ్లు పట్టెను. ఏటికొక వాలు దింపి, మఱల నేసితిమి. గూనపెంకును వ్రేలితో కొట్టినచో ఖంగుమనవలెను. బొంగురుగా పలికినది బీటవాఱినది. మా ప్రాంతమున నిప్పుడు గూనపెంకు చేయు కుమ్మరులు మాకు దొరకలేదు. కూల్చుచున్న యిండ్లకడకు పోయి కొని తెచ్చితిమి. మా కప్పులో నిప్పుడు నాలుగైదు లేనియిండ్ల పెంకులున్నవి.

కలపసంగతి క్లుప్తముగ చెప్పెదను. చెడిన దూలపు కొనను కోయించి పాత టేకుముక్కను అతికించితిమి. గోడలో దిగుచోట చుట్టును వ్రేలెడు సందు విడిచి, గాలి యాడనిచ్చితిమి. చెదలకు జీడితొక్కల నూనె పూసితిమి. ఆ నూనె చర్మమును కాల్చును; చేతులకు తొడుగులు లేక పూసి నేను పదిదినములు అన్నము కలుపుకొనలేకపోతిని.

ఇక సున్నము. దీనిని నా భార్య తన పనిగా తీసికొనినది. సున్నపురాయినిగాని గుల్లనుగాని బట్టీలో తొమ్మిదివందల డిగ్రీల వేడిలో కాల్చినచో దానిలోని బొగ్గుపులుసుగాలి వెడలిపోవును. నూఱు మణుగుల మేలిరాయి యేబదియాఱు మణుగులగును. ఆ కాలిన రాయిమీద నీరు పోయగా సలసల క్రాగి పిండియగును. దానిని జల్లించి, గుంటలో పైన నీరు నిలిపి, కనీసము మూడునెలలు మాగనిచ్చితిమి. ఎంత మాగిన నంత వెన్నవలె నగును. (గుంటపై మూత తప్పక యుండవలెను, పిల్లలను దరికి రానీయరాదు. సున్నము కంటిలో పడినచో తక్షణమే చాలసేపు మంచినీటితో కడిగి వైద్యునికడకు పోవలెను.) పిదప ఒక పాలు సున్నము, ఒక పాలు మెత్తని యిటుకపొడి, రెండు పాళ్లు ఇసుక చేర్చి, కరక్కాయలు నానబెట్టిన నీటితోను, బెల్లపునీటితోను గానుగలో నూఱవలెను. ఇదియే మన పెద్దలు డంగుసున్నమనునది. గానుగరాయి ఊరిచివర చెట్టుక్రింద పడియుండెను. ఎద్దులను కుదుర్చుటకే రెండేండ్లు పట్టెను.

గోడను ముందు తడిపి, పలుచని పొరలుగా పూసి, కొయ్యబద్దతో తట్టి, తడిగోనెలు కప్పి మెల్లగా నెండనీయవలెను. అప్పుడు సున్నము బట్టీలో పోగొట్టుకొన్న గాలినే వాతావరణమునుండి మఱల గ్రహించి తిరిగి రాయి యగుచుండును. ఇది నెలలతరబడి, లోపలిపొరలలో సంవత్సరములతరబడి జరుగును. ఎండలు ముదిరిన పూత పగులును, వానలలో నిలువదు. కార్తికమునకును మాఘమునకును నడుమనే పని. ఏటికి రెండు మూడు గోడలకంటె సాగలేదు. హైదరాబాదులో 1591 నాటి చార్మినారుపైని నగిషీపూతలు ఈ సున్నముతో చేసినవే. వానికిని ఎడనెడ మరమ్మతు కావలసియే వచ్చుచున్నది.

వంటిల్లు, స్నానపుగది, విద్యుత్తుతీగలు మొదలగువానిలో విశేషము లేదు, ఎవరైన చేయగలరు.

వ్యయమెంతయని తఱుచుగ అడుగుదురు. నా భార్య వ్రాసిన పద్దుపుస్తకము ప్రకారము క్రొత్త డాబాకు పట్టెడి సొమ్ముకంటె మాకు తక్కువేమియు కాలేదు. చౌకయని చెప్పి మిమ్ము మోసపుచ్చను. ఐతే ఆ సొమ్ము పదునొకండేండ్లమీద పంపకమగుటచే ఋణము చేయలేదు. అందు పెద్దభాగము సరకుకుగాక మా యూరివారి చేతిపనికి పోయినది. ఇంకొకటి: ప్రతి పాత యిల్లును బాగుపడదు. గోడ నడుమ బొఱ్ఱవచ్చి లోపలిపొర, బయటిపొర విడిపోయినను, పునాది ఒకమూల క్రుంగి గోడ చీలినను దానిని దింపివేయుటయే క్షేమము. మా పెరటి గాదెగది నట్లే దింపితిమి.

2018 డిసెంబరు 17వ తేదీన పెథాయ్ తుపాను కాట్రేనికోన దరిని తీరము దాటినది. ఆ రాత్రి మేమిద్దఱము పడమటింటిలో దూలముక్రిందనే కూర్చుంటిమి. నేను కప్పు చూచుచుంటిని; ఆమె గడియగడియకు లేచిపోయి తూము చూచి వచ్చుచుండెను. తెల్లవాఱి లెక్కింపగా నలుబది పెంకులు పోయినవి. మండువాలో నీరు నిలువలేదు.

మేస్త్రి ఆ మఱుసటి యేడు కాలము చేసెను. 2019లో చివరి గోడపని ఆయన మనుమడు చేసినాడు. పడమటింటి ఉత్తరపుగోడ కొక్కదానికి మాత్రము నా సిమెంటు ఇంకను మిగిలియున్నది. దానిని తీసినచో ఇటుకయు వెంటవచ్చునేమోయని మేస్త్రి యుండగానే సందేహించి వదలితిమి. ప్రతి వానకాలమునను దాని పైయంచున తెల్లని యుప్పు పూయుచునేయున్నది. నా భార్య గుడ్డతో తుడిచి, ఉప్పు ఎంతయెత్తున నున్నదో బొగ్గుతో గీత గీసి, ప్రక్కన సంవత్సరము వ్రాయును. గీతలు ఏటేట కొంచెము క్రిందికి దిగుచున్నవి.