సమీకరణములో దాగిన వేగము

మన రామనగుడ ప్రాంతమువారికి పరిచితమైన గుణుపురమునకు నౌపడనుండి రైలుమార్గము కలదు. ఆ నేరోగేజి మార్గము 1900లో పర్లాకిమిడివరకును, 1931 నాటికి గుణుపురమువరకును సాగినది. 2004లో చిన్నబండి నిలిచిపోయినది. 2011లో బ్రాడ్‌గేజి బండి వచ్చినది. పట్టాలు మారినను దూరము సుమారు 90 కిలోమీటర్లే. మారదగినది వేగము. ఈ భేదమును ఏకఘాత సమీకరణము ఎట్లు తెలుపునో చూతము.

నౌపడలో బయలుదేరిన బండి గంటకు 30 కిలోమీటర్ల చొప్పున నడచుచున్నదనుకొందము. ‘క’ గంటల పిమ్మట గుణుపురమునకు మిగిలిన దూరము ‘ద’ కిలోమీటర్లయినచో,

ద = 90 − 30క

క విలువ 0 అయినపుడు ద 90. 1 అయినపుడు 60. 2 అయినపుడు 30. కాలమును గుణించు 30 అను సంఖ్యయే మార్పు రేటును చెప్పుచున్నది. 90 ఆరంభస్థితిని మాత్రమే చెప్పును. ఋణచిహ్నమును చూచి వేగము తగ్గుచున్నదని తలపరాదు. తగ్గుచున్నది మిగిలిన దూరము. గంటకు 15 కిలోమీటర్లు నడచు బండికి ద = 90 − 15క. ఇచట 90 మారలేదు; గుణకము సగమయినందున 3 గంటల ప్రయాణము 6 గంటలైనది.

ఈ గుణకముపై ఎంత ఆధారపడునో మరియొక ఉదాహరణమున గ్రహింతము. పరీక్షాకేంద్రము 12 కిలోమీటర్ల దూరముననున్నది. గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడచు విద్యార్థి 5 కిలోమీటర్లు పోయిన పిమ్మట, అతని హాలుటిక్కెట్టు ఇంటనే యున్నదని అన్న చూచి సైకిలెక్కెను. అప్పటినుండి కాలమును లెక్కించి, ఇంటినుండి దూరమును ‘ద’ అనుకొన్నచో,

తమ్మునికి: ద = 5 + 5క
అన్నకు, గంటకు 15 చొప్పున: ద = 15క

ఇద్దరి నడుమ దూరము 5 − 10క. అది గంటకు 10 చొప్పున తరుగును. కావున అరగంటలో, ఇంటికి 7½ కిలోమీటర్లలో తమ్ముడు దొరకును. అన్న గంటకు 8 కిలోమీటర్లే పోగలిగినచో 5 + 5క = 8క; అనగా 1 గంట 40 నిమిషములు పట్టును. కాని మిగిలిన 7 కిలోమీటర్లను తమ్ముడు 1 గంట 24 నిమిషములలోనే నడచి, కేంద్రమును చేరి, టిక్కెట్టు లేక గుమ్మమున నిలుచును.

కనుక సమీకరణమును చూడగనే సాధింపబూనక, మొదట మూడు ప్రశ్నలు వేసికొందము: ఎచట ఆరంభమైనది? గంటకెంత మారుచున్నది? పెరుగుచున్నదా, తరుగుచున్నదా? వీనికి సమాధానము చెప్పగలిగిననాడు అక్షరములును అంకెలును మన కన్నులయెదుట నడచును.