మీకు తెలుసా?

తెల్ల బియ్యంలో ప్రొటీన్ సుమారు 7 శాతమే. మిల్లులో ఆ బియ్యం నుంచి వేరై పశువుల దాణాకు వెళ్ళిపోయే తవుడులో 12 నుంచి 15 శాతం దాకా ఉంటుంది!

• తవుడు నుంచి నూనె తీశాక కూడా ప్రొటీన్ మిగిలిన పిండిలోనే ఉండిపోతుంది. దానిలో గ్లూటెన్ ఉండదు, అలర్జీ తెచ్చే గుణం తక్కువ. గోధుమలో కొరతగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం ఇందులో మెరుగ్గా ఉంటుంది.

• ఈ ప్రొటీన్‌ను ఎంజైములతో చిన్న చిన్న ముక్కలు చేస్తే పెప్టైడ్లు వస్తాయి. వాటిలో ఐదు అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఒకటి క్యాన్సర్ కణాల పెరుగుదలను తగ్గించిందని అమెరికాలోని ఆర్కాన్సా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రకటించారు. అది ప్రయోగశాలలో కణాలపై వచ్చిన ఫలితం. రోగులకిచ్చే మందు కాదు.

• మరపట్టిన వెంటనే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. గంటల్లోనే నాణ్యత పడిపోయి, తవుడు ముక్కవాసన వేస్తుంది. ఆహారంగా పనికిరావాలంటే మిల్లులోనే వేడిచేసి ఆ ఎంజైమును ఆపాలి.

అందుకే దాణాగా అమ్మే తవుడును వంటలో వాడకండి. ఆహారం కోసమే శుద్ధి చేసిన తవుడు తీసుకోండి, లేదా పాలిష్ పట్టని దంపుడు బియ్యం వండుకోండి.