శుద్ధ స్పిరిటు: ఉపయోగములు, అపాయములు

స్పిరిటు అనగానే కొందరు సారాయియని యేవగించుకొందురు. కొందరు సర్వరోగములకు మందని తలంతురు. రెండును పొరపాటే. ఇది రైతునకు అక్కరకు వచ్చు వస్తువు. అయితే దాని బలమెంత, అందు కలిపినదేమి అను రెండు సంగతులు తెలియనిదే దానిని వాడరాదు.

చక్కెర మిల్లులందు మిగులు మొలాసిస్‌ను పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చి దీనిని తీయుదురు. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగును. ఇట్లు శుద్ధిచేయగా నూటికి సుమారు 95 పాళ్ల బలము వచ్చును.

బలము హెచ్చినకొలది గుణము హెచ్చదు. 95 పాళ్ల స్పిరిటు సూక్ష్మజీవి పైపొరను వెంటనే గట్టిపరచును గాని లోనికి చక్కగా చొరదు. 70 పాళ్లదైనచో నీటి సాయమున లోనికింకి చంపును. మూడు పాళ్ల స్పిరిటునకు ఒక పాలు కాచి చల్లార్చిన నీరు చేర్చిన ఈ బలము వచ్చును. నిమ్మ, బత్తాయి అంట్లు కట్టువారు చెట్టు మారినప్పుడెల్ల కత్తిని దీనితో తుడువవలెను. ధనుర్వాతపు బీజములను మాత్రమిది చంపజాలదు. లోతైన గాయమైనచో కడిగి వైద్యునొద్దకు పోవలెను.

పాలకేంద్రములందు, బరువు లెక్కన 68 పాళ్ల స్పిరిటును పాలతో సమముగా కలిపి చూతురు. పలుకులు కట్టినచో పాలు పులిసినవని, కాచిన విరుగునని యెంచుదురు. జున్నుపాలును, పొదుగువాపు గల పశువు పాలును ఇట్లే విరుగవచ్చును. కావున పాలు త్రోసివేసినప్పుడు కలహింపక, ముందుగా పొదుగును పరీక్షింపవలెను.

పాలిషునకును, స్టవ్వులకును అమ్ము డీనేచర్డు స్పిరిటునందు మిథైల్ ఆల్కహాలు వంటి విషములు కలుపుదురు. కాచినను, వడపోసినను, నిమ్మరసము పిండినను అది పోదు. త్రాగినవానికి తొలుత మత్తు మాత్రమే తోచును. గంటలు గడచిన పిదప చూపు మసకబారును, ప్రాణమే పోవచ్చును. త్రాగెనని తెలిసిన తక్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.

ఒక తోటలో అంటుకత్తి తుడుచు స్పిరిటును నీళ్లసీసాలో పోసి గట్టుపై నుంచిరి. దాహముగొన్న బాలుడొకడు దానినెత్తగా మేము చేయి పట్టి యాపితిమి. నాటినుండి మేము వేరు సీసా, దానిపై పేరు, తాళము గల పెట్టె లేనిదే స్పిరిటు నుంచుకొనము. పగటివేళ దాని మంట కంటికి సరిగా కానరాదు గనుక పొయ్యి దరికిని, బీడీ దరికిని తేనీయము. సభ్యులును అట్లే చేయుదురుగాక.