స్త్రీకి తన యిల్లేది?

పురుషుడు సామాన్యముగా పుట్టిన యింటనే పెరిగి, ఆ యింటనే ముసలివాడగును. స్త్రీజన్మ మట్టిది కాదు. పుట్టినిల్లు, మెట్టినిల్లు, భర్తకు ఉద్యోగమైన యూరిలో అద్దెయిల్లు, తుదకు కుమారుని యిల్లు. ఇట్లు వేఱువేఱు గడపలకు పసుపు రాయుచునే మనకు కాలము గడచిపోవును.

మా పుట్టినిల్లు వనపర్తి జిల్లాలోని శ్రీరంగాపురము. పదునెనిమిదవ శతాబ్దమున వనపర్తి సంస్థానాధీశులు అచ్చట రత్నపుష్కరిణి యొడ్డున రంగనాయకస్వామికి ఆలయము కట్టించిరి. కావేరీతీరమున వెలసిన స్వామికి మా యూర మఱియొక యిల్లమరినది! ఆ యూరు విడిచిన పిదప మేము కాపురమున్న యిండ్లు నాలుగు. ప్రతి యింటను పొయ్యి వేసికొంటిమి, తులసికోట నిలిపితిమి, పండుగ పండుగకు గోడలకు సున్నము కొట్టించితిమి. కాని యే యింటి కాగితము మీదను మా పేరు లేదు. ఇది నిష్ఠురమునకు చెప్పు మాట కాదు; మనలో పెక్కండ్ర స్థితి యిదియే.

కాగితమున పేరు లేకున్న నేమగునో కృష్ణాతీరపు పల్లెలు తెలిపినవి. 1981 ప్రాంతమున శ్రీశైల జలాశయము క్రింద నాటి మహబూబ్‌నగరము, కర్నూలు జిల్లాలలో సుమారు నూఱు గ్రామములు మునిగినవి. దాదాపు లక్షమంది యిండ్లు విడిచిరి. పరిహారము పట్టాదారులకు చెందునది. పట్టాలన్ననో చాల యిండ్లలో మగవారి పేరనే యుండెడివి. ఆ యిల్లు అలికి, ముగ్గుపెట్టి నిలుపుకొన్న యిల్లాలికి ఆ లెక్కలో స్థానమేది? కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయమును మాత్రము రాయి రాయి విప్పి, అలంపురమున తిరిగి నిలిపిరి.

చట్టమును గూడ తెలిసికొందము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము కుమార్తెకు తండ్రి యాస్తిలో భాగమిచ్చెను. అయినను తండ్రి కాపురమున్న యింట నివసించు హక్కును అవివాహితకు, వితంతువునకు, భర్త విడిచినదానికి, భర్తనుండి వేఱుపడినదానికి మాత్రమే యుంచెను. భర్తతో కాపురము చేయుచున్న కూతురు పుట్టినింట చుట్టమే! 2005లో ఆ నిబంధన తొలగినది. ఉమ్మడి యాస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన భాగము కలిగినది. అదే సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము ప్రకారము, భర్తతో కలిసి కాపురమున్న యింట భార్యకు పేరు లేకున్నను, న్యాయమార్గమున తప్ప ఆమెను వెడలగొట్టరాదు.

హక్కు పుస్తకమున నున్నంత మాత్రమున ఫలమేమి? ఇల్లు కొనునపుడు దంపతు లిరువుర పేర రిజిస్టరు చేయించుకొనుడు. పుట్టినింటివారు సంతకమునకు కాగితము తెచ్చినచో, అక్షరము విడువక చదివిన పిదపనే చేవ్రాలు చేయుడు. మీ కుమార్తెలకును ఇంటిపని నేర్పునపుడే ఇంటి పత్రములు చదువుటయు నేర్పుడు. దీనివలన అన్నదమ్ముల ప్రేమ తగ్గునని వెఱవ బనిలేదు. నిలుచుటకు తనదను చోటున్న ఆడపడుచు పుట్టినింటికి ప్రేమతోనే వచ్చును గాని, దిక్కులేక రాదు.