చిన్న కెమెరాకు చత్వారం అద్దం

క్యాంపుల్లో ఉంటున్న అన్నలూ, తమ్ముళ్ళూ, మేముండేది అరోరాలో. షికాగోకు పడమటగా సుమారు 40 మైళ్ళ దూరంలో, ఫాక్స్ నది ఒడ్డున ఉన్న ఊరు మాది. కొలరాడో రాష్ట్రంలో ఇంకో అరోరా ఉంది, అది వేరు. ఇది ఇలినాయ్ రాష్ట్రంలోనిది. 1881లోనే వీధుల్లో కరెంటు దీపాలు పెట్టుకున్న ఊరు కాబట్టి దీపాల నగరం అంటారు. మనవాళ్ళకు మాత్రం అరోరా అంటే సల్లివాన్ రోడ్డు మీది బాలాజీ గుడే. ఆ గుడికి వచ్చేవాళ్ళలో డాక్టర్లు, కంప్యూటర్ ఇంజనీర్లు చాలామంది ఉంటారు. మేము ఆ లెక్కలోకి రాము. మేము నలుగురం, హోటల్ వంటింట్లోనూ గోదాముల్లోనూ పనిచేస్తూ ఒకే అపార్టుమెంటులో ఉంటున్నాం. మాలో పెద్దాయన జగిత్యాల దిక్కువాడు. ఇక్కడికి రాకముందు పదకొండేళ్ళు కువైట్ క్యాంపులో ఉన్నాడు. ఈ ముచ్చట ఆయన పని మీదనే మొదలైంది.

ఆయన కువైట్‌లో ఉండగానే వాళ్ళ అవ్వ చనిపోయింది. సెలవు దొరకలేదు, పోలేదు. మీలో ఎంతమందికి ఇదే జరిగిందో మేము చెప్పనక్కరలేదు. ఆమె బీడీలు చుట్టేది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు మీద అంటించిన రెండున్నర సెంటీమీటర్ల ఫోటో తప్ప ఆమెది ఇంకో ఫోటో లేదు. ఊరి నుంచి ఆ కార్డు తెప్పించుకుని అప్పటినుంచి పర్సులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. ఈ ఏడు సంవత్సరీకానికి గోడకు పెట్టేంత పెద్ద ఫోటో చేయించాలని ఆయన కోరిక.

స్కానర్ ఉంటే ఇంత కథ లేదు. ఆ పనికి స్కానరే మేలు. ఇక్కడొక దుకాణంలో అడిగితే కార్డు రెండు రోజులు వదిలిపెట్టి పొమ్మన్నారు. "రెండు దినాలు కాదు, రెండు గంటలు కూడ వదల" అని వెనక్కి వచ్చాడు. ఫోనుతో తీస్తే ఫోను నీడ కార్డు మీద పడింది. పైగా లామినేషన్ తళుక్కుమని అవ్వ ముఖం తెల్లబడిపోయింది. వెనక్కి జరిగితే ముఖం చిన్నదైపోయింది.

అప్పుడు మాకు గుర్తొచ్చింది, గరాజ్ సేల్‌లో ఐదు డాలర్లకు కొని మూలన పడేసిన పాత కెమెరా. కెనాన్ పవర్‌షాట్ ఏ620. 2005లో వచ్చింది. 7.1 మెగాపిక్సెల్, నాలుగు రెట్ల జూమ్, మామూలు పెన్సిల్ సెల్స్ నాలుగు వేస్తే నడుస్తుంది. ఒక చిక్కుంది. దీనికి 2 జీబీ దాటని పాత ఎస్‌డీ కార్డే పనికొస్తుంది, ఇప్పటి పెద్ద కార్డులు చదవదు.

ఇలాంటి చిన్న కెమెరాలకు లెన్స్ ముందు అద్దం బిగించడానికి మరలు ఉండవు. స్విచ్ వేయగానే లెన్స్ ముందుకు వస్తుంది, తీయగానే లోపలికి పోతుంది. దాని మీద బరువు పెడితే మోటారు పాడవుతుంది. అందుకని కంపెనీవాళ్ళు ఒక ఉపాయం చేశారు. లెన్స్ చుట్టూ ఉన్న రింగును, పక్కనున్న చిన్న బటన్ నొక్కి తిప్పితే ఊడి వస్తుంది. ఆ చోట ఒక గొట్టం బిగించాలి. దాన్నే అడాప్టర్ అంటారు. లెన్స్ ఆ గొట్టం లోపలే ముందుకూ వెనక్కూ కదులుతుంది. గొట్టం చివర మరలుంటాయి, ఫిల్టరో అద్దమో అక్కడ బిగిస్తాం. ఏ620కి ఎల్ఏ-డీసీ58ఎఫ్ అనే గొట్టం, చివర 58 మిల్లీమీటర్ల మర. మోడల్ మారితే గొట్టం మారుతుంది, కొనేముందు నంబరు చూసుకోవాలి. నికాన్ కూల్‌పిక్స్ 990, 4500 లాంటి వాటికి లెన్స్ మీదనే 28 మిల్లీమీటర్ల మర ఉంటుంది, గొట్టం బాధ లేదు.

ఇక అద్దం సంగతి. క్లోజప్ లెన్స్ అన్న పేరు విని భయపడొద్దు. నలభై దాటినవాళ్ళు పేపరు చదవడానికి పెట్టుకునే చత్వారం అద్దం, ఇదీ ఒకటే జాతి. నంబర్లు కూడా అవే: +1, +2, +4. లెక్క సులువు. ఒక మీటరును ఆ నంబరుతో భాగిస్తే, కెమెరా దూరపు వస్తువు మీద ఫోకస్ పెట్టి ఉన్నప్పుడు ఎంత దగ్గర వస్తువు స్పష్టంగా కనబడుతుందో తెలుస్తుంది. +2 అయితే 50 సెంటీమీటర్లు, +4 అయితే 25. రెండు అద్దాలు కలిపి బిగిస్తే నంబర్లు కూడుకోవాలి. ఎక్కువ నంబరుది కెమెరా వైపు ఉండాలి. ఒకే గాజు ఉన్న చవక అద్దాలతో అంచుల్లో రంగులు చెదురుతాయి. కెనాన్ 250డీ (+4), 500డీ (+2) లాంటి వాటిలో రెండు గాజులు అతికి ఉంటాయి కాబట్టి బొమ్మ శుభ్రంగా వస్తుంది, ధర కూడా అలాగే ఉంటుంది. మేము కొన్నది చవక రకమే. ముఖం మధ్యలో ఉంటుంది, అంచులతో మాకేం పని?

కెమెరాలో పువ్వు గుర్తు ఉంటుంది కదా, అది చాలదా అని అడగొచ్చు. ఆ పువ్వు గుర్తు జూమ్ లేనప్పుడే బాగా పనిచేస్తుంది. ఈ కెమెరా అప్పుడు ఒక సెంటీమీటరు దాకా పోతుంది, కాని అంత దగ్గరకు పోతే వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది? క్లోజప్ అద్దం గొప్పంతా పూర్తి జూమ్‌లో ఉంది. +4, +2 కలిపి పూర్తి జూమ్ చేస్తే సుమారు 17 సెంటీమీటర్ల దూరం నుంచి 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు జాగా ఫ్రేము నిండా వస్తుంది. అంటే రెండున్నర సెంటీమీటర్ల ఫోటోకు అడ్డంగా దాదాపు 1900 చుక్కలు దక్కుతాయి. 8 అంగుళాల వెడల్పు ప్రింటుకు అది సరిపోతుంది. జూమ్ తగ్గిస్తే గొట్టం అంచు నల్లగా మూలల్లో కనబడుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

ఫ్లాష్ వేయకూడదు. గొట్టం అడ్డొచ్చి కింద నీడ పడుతుంది, పైగా లామినేషన్ మెరుస్తుంది. కార్డును కిటికీ పక్కన బల్ల మీద పెట్టాం. వెలుగు పక్క నుంచి రావాలి. రెండో పక్కన తెల్ల కాగితం నిలబెడితే నీడ పోతుంది. కెమెరాకు స్టాండు లేదు, రెండు పప్పు డబ్బాల మీద పలక వేసి దాని అంచు నుంచి కిందికి చూసేలా కట్టాం. పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తే మోసం, అది లెన్స్ చూసేది చూపదు. వెనక తెరలోనే చూడాలి. అపెర్చర్ 8 పెట్టి, వేలు తగిలి కదలకుండా టైమర్ వేశాం.

మొదటి పన్నెండు ఫోటోలు చెడిపోయాయి. ఇంత దగ్గరలో ఫోకస్ కాగితం మందమే ఉంటుందా అనిపిస్తుంది. కార్డు ఒక మూల వంగి ఉండడంతో ముక్కు స్పష్టంగా ఉంటే చెవి మసక. గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలా పిండి ముద్దలతో అదిమితే గాని దారికి రాలేదు.

పదమూడోది లాప్‌టాప్‌లో వేసి పెద్దది చేశాం. ముఖం మీద సగం ముద్ర పడి ఉంది, అది పోదు, పోగొట్టొద్దన్నాడు ఆయన. మెడ దగ్గరికి వచ్చేసరికి చేయి అడ్డం పెట్టి ఆగమన్నాడు. పుస్తెలు పసుపుతాడుకున్నాయి. ఆ కార్డు చేయించిన సంవత్సరమే ఆయన వీసా కోసం ఇంట్లో గొలుసు కుదువ పెట్టారు. ఆ సంగతి ఆయనకు ఎప్పటినుంచో తెలుసు. పర్సులోని బొమ్మలో మాత్రం ఆ తాడు కనబడేది కాదు. ఆ పూట వంట మేమే చేసుకున్నాం.

మీ దగ్గర పాత కెమెరా లేకపోతే ఫోనుతోనూ చేయొచ్చు, కాని చత్వారం అద్దం +3 ఫోనుకు పెద్దగా సాయం చేయదు. ఫోను తనంతట తానే పది సెంటీమీటర్ల దాకా చూడగలదు కాబట్టి +10 లేదా అంతకన్నా ఎక్కువ కావాలి. గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం ఆ పనికి వస్తుంది. పాస్‌పోర్టు, అకామా, కాంట్రాక్టు కాగితం, ఏజెంటు ఇచ్చిన రసీదు, వీటిలోని చిన్న అక్షరాలు కూడా ఇలాగే తీసి ఇంటికి ఒక కాపీ పంపుకోండి. యంత్రం నుంచి వచ్చే రసీదుల అక్షరాలు ఎండకు, వేడికి ఎగిరిపోతాయి, ఆలస్యం చేయకండి. ఒక హెచ్చరిక. అడగకుండా మనుషులను, అందులోనూ ఆడవాళ్ళను తీయొద్దు. ఎయిర్‌పోర్టు, ఓడరేవు, సైన్యం, ప్రభుత్వ భవనాల వైపు కెమెరా ఎత్తొద్దు. మీరున్న దేశాల్లో అది కేసు అవుతుంది.

అద్దాలు వృథా పోలేదు. 2024 మే నెలాఖరులో ఇక్కడ పదిహేడేళ్ళకోసారి వచ్చే సికాడా పురుగులు నేలలోంచి లక్షల్లో లేచినప్పుడు ఫోనుతో తీయబోయి ఊరుకున్నాం. వాటి ఎర్ర కళ్ళు దగ్గరగా తీయాలంటే మళ్ళీ 2041 దాకా ఆగాలి. ఆయన మాత్రం ఆగేటట్టు లేడు. ప్రింటు జగిత్యాలకు పంపిన మర్నాడే కెమెరా పట్టుకుని నది ఒడ్డుకు పోయాడు. చీమలను తీశాడు. అన్నీ మసకే.