రొమ్ము క్యాన్సరు - శరీరపు బరువు

రొమ్ము క్యాన్సరును తొలి దశలోనే గుర్తించి చికిత్స చేసినచో పెక్కుమంది స్త్రీలు చిరకాలము జీవింపగలరు. ఆ జీవితకాలమునకును శరీరపు బరువునకును సంబంధము కలదని పరిశోధకులు కనుగొనిరి. 2014లో ప్రకటితమైన ఒక పరిశీలనలో 82 అధ్యయనములలోని 2,13,075 మంది రోగుల వివరములను క్రోడీకరించిరి. తగు బరువు గలవారికంటె స్థూలకాయులకు మరణ ప్రమాదము సుమారు 41 శాతము అధికమని తేలినది. నూటికి 41 మంది మరణింతురని దీని కర్థము కాదు. 150 సెంటీమీటర్ల ఎత్తు గల స్త్రీ 67.5 కిలోలు, అంతకు మించి తూగినచో స్థూలకాయ మందురు.

ముట్లుడిగిన పిమ్మట స్త్రీ దేహములో ఈస్ట్రోజను ముఖ్యముగా కొవ్వునందే తయారగును. పెక్కు రొమ్ము క్యాన్సర్లు ఆ హార్మోను వలననే పెరుగును. గుండెజబ్బు, మధుమేహము స్థూలకాయమునకు తోడగుటయు కలదు.

అట్లని రోగిని పస్తులుంచరాదు. మిక్కిలి బక్కచిక్కిన వారిలోను మరణములు కొంత హెచ్చుగానే కనబడినవి. జబ్బు మనిషియని మంచము దిగనీయకుండుట, పథ్యమని పప్పు, గ్రుడ్డు మాన్పించుట మన యిండ్లలో చూచుచునే యున్నాము. రెండును తగవు. చికిత్స సాగుచుండగా బరువు తగ్గించుకొనదలచినచో వైద్యుని సలహా పొందవలెను. ఆయన అనుమతించినచో నిత్యము నడక మేలు. వేపుడులు, తీపి పదార్థములు తగ్గింపవచ్చును.

పంచాయతి సభ్యులు ఉపకేంద్రములోని బరువు యంత్రము, ఎత్తు కొలబద్ద సరిగా నున్నవో లేవో చూడవలెను. 30 ఏండ్లు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో రొమ్ము పరీక్ష ఉచితము. గడ్డ నొప్పి లేదుగదా యని ఉపేక్షించువారిని ఆశా కార్యకర్త వెంట అచ్చటికి పంపుడు.