మన అడవిబాటలో ఆరు ఋతువులు

ఋతువులు ఆరనియు, ఒక్కొక్క ఋతువునకు రెండేసి మాసములనియు మనము చిన్న తరగతులలోనే వల్లించితిమి. అయితే పుస్తకములోని ఋతువులకును, మన ఊరి వెలుపలి ఋతువులకును పూర్తిగా పొత్తు కుదరదు. హోసూరు, దెంకణికోట, తళ్ళి ప్రాంతములలో పల్లెలను కలుపుచు అడవి అంచున సాగు కాలిబాటలు పెక్కు గలవు. ఏడాది పొడవున అట్టి బాటను గమనించినవారికి ఈ భేదము తేటపడును.

వసంతము: చైత్రమున అడవినేల యెండి బీటలువారి యుండును. అయినను వానచుక్క పడకమునుపే కానుగ, రావి మొదలగు చెట్లు లేతాకులు తొడుగును. వాని వేళ్ళు లోతునకు దిగి, అడుగుపొరలలో మిగిలిన తేమను గ్రహించుటయే ఇందులకు కారణము. ఆకు ముందుగా సిద్ధమైయున్నచో, తొలివాన కురిసిన నాటినుండియే చెట్టు ఆహారమును చక్కగా సమకూర్చుకొనగలదు. వైశాఖమున రేలచెట్టు పసుపుపచ్చని పూగుత్తులను వ్రేలాడదీయును.

గ్రీష్మము: జ్యేష్ఠాషాఢములు మండుటెండల కాలమని చదివితిమి. మన పీఠభూమి సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చట అసలు ఎండలు ఏప్రిలు, మే నెలలలోనే ముగియును. జూన్ నాటికి నైరృతి గాలులు వీచి ఆకాశము మబ్బుపట్టును. నేరేడుపండ్లు బాటపై రాలును. తొలివానలకు ఎఱ్ఱని మఖమలు తునకలవలె ఆరుద్ర పురుగులు ప్రాకుచు కనబడును. వీనిని పురుగులందుమే కాని, ఇవి కీటకములు కావు. ఎనిమిది కాళ్ళుండుటచే ఇవి సాలీడు, తేలు మొదలగువాని వర్గమునకు చెందును. ఆరుద్ర కార్తెలో కనబడునవి గనుక మన రైతులు వీనికి ఆ పేరు పెట్టిరి.

వర్షర్తువు: శ్రావణ భాద్రపదములలో నైరృతి మేఘములు పడమటి కనుమలు దాటునప్పటికే నీటిలో అధికభాగమును అచ్చటనే కురిపించి వచ్చును. మనకు దక్కునది మితమైన వాన. దానితోనే రాగిపైరు పెరుగును.

శరత్తు: కవులు శరత్తును నిర్మలాకాశముతోడను, పండువెన్నెలతోడను వర్ణింతురు. మనకో, ఏటిలో మిక్కిలిగా వానలు కురియునది సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే! నైరృతి పవనము వెనుకకు మరలు ఆ దినములలో తేమగాలి తూర్పునుండి వచ్చుటయు, పగటి వేడిమికి ఉరుముల మబ్బులు లేచుటయు దీనికి కారణములు. కవులు పొరపడలేదు, వారు చూచిన నేల వేరు. తమిళ సంప్రదాయమున వానలకాలమగు కార్‌కాలము ఆవణి, పురట్టాసి మాసములకు, అనగా ఆగస్టు నడుమనుండి అక్టోబరు నడుమవరకు, చెందినది. ఇది మన వానలకు మరింత దగ్గరగా నున్నది. పొరుగుభాష నేర్చినచో మన నేలను గూర్చిన ఎరుకయు పెరుగునని ఇందువలన గ్రహింపవచ్చును.

హేమంతము: ఇది రాగికోత కాలము, బాటపై మిక్కిలి మెలకువగా నుండవలసిన కాలము గూడ. బన్నేరుఘట్ట అడవులనుండి ఏనుగుల మందలు జవళగిరి, తళ్ళి అడవులగుండ మన వైపునకు వచ్చును. ఎదిగిన ఏనుగునకు దినమునకు సుమారు 150 కిలోల మేత కావలెను. అడవిలో గడ్డి ముదురు వేళకే పొలమున రాగికంకి గింజపట్టును. పైగా 19వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన అమెరికా ఖండపు మొక్క లాంటానా, అడవినేలను కప్పి గడ్డిని మొలవనీయకున్నది. ఏనుగు పగబట్టి చేలపైకి వచ్చుట లేదు. మేతకొరకు, తరతరముల దారిని వచ్చుచున్నది. ఒక రాత్రిలో రైతు ఏడాది కష్టము నశించును. ఒక్కొకప్పుడు మనుష్యుల ప్రాణములును, ఏనుగుల ప్రాణములును పోవును. వన్యమృగముల రక్షణకై ఈ ప్రాంతమున 2014లో కావేరి ఉత్తర అభయారణ్యమును, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యమును ఏర్పరచిరి. బడికి నడచివచ్చు పిల్లలారా! తెల్లవారుజామునను, సందెవేళను అడవిబాట పట్టకుడు. ఒంటరిగా నెన్నడును పోకుడు. అటవీశాఖవారి అనుమతి లేక అభయారణ్యములో అడుగిడరాదు.

శిశిరము: మాఘ ఫాల్గుణములలో ఆకులు రాలును. ఆకుల రంధ్రములనుండి నీరు ఆవిరియగుచుండును గదా! నేలలో తేమ తగ్గినప్పుడు చెట్టు ఆకు తొడిమ మొదట ఒక పొరను ఏర్పరచి ఆకును విడిచిపెట్టును. ఇది చెట్టునకు చావు కాదు, పొదుపు. ఆకులేని మోదుగకొమ్మలపై ఎఱ్ఱని పూవులు నిప్పుకణికలవలె వెలుగును. నిజమైన నిప్పునకు భయపడవలసినదియు ఇప్పుడే. ఆర్పక పారవేసిన ఒక బీడీముక్క చాలును, ఎండుటాకులు అంటుకొనుటకు. ఆ మంటలో పెద్దచెట్లు బ్రతుకవచ్చును గాని, మొలకలును, నేలపై గూడుకట్టు పక్షుల గ్రుడ్లును మాడిపోవును. ఆకుకప్పు కాలిపోయిన నేలను తొలివాన కోసివేయును. లాంటానా మాత్రము మరల చిగిర్చును.

తల్లిదండ్రులకు ఒక మనవి. చెట్ల పేర్లు నేటి పిల్లలకు బడిలో కొంతయే తెలియుచున్నవి. మన రేలను తమిళులు కొన్రై అనియు, కన్నడిగులు కక్కె అనియు పిలుతురు. మన ఉసిరి ఆ రెండు భాషలలోను నెల్లియే. మన నేరేడు కన్నడమున నేరళె. అవ్వతాతలకు ఈ మూడు భాషల పేర్లును నోటనుండును. వ్రాసి యుంచనిచో అవి వారితోనే పోవును. కావున ప్రతి విద్యార్థియు తన దారిలో పది చెట్లను ఎన్నుకొని, నెలకొకమారు ఆకు, పూవు, కాయల స్థితిని తేదీతో వ్రాయవలెను. ఇంటి పెద్దలను అడిగి, ప్రతి చెట్టునకు మూడు భాషల పేర్లను ప్రక్కన చేర్చవలెను. ఏడాది గడచునప్పటికి అది మన ఊరి ఋతువుల పుస్తకమగును. అట్టిది అంగడిలో దొరకదు.